ఈ ఆత్మ ఎవరికోసం వచ్చింది? యుద్ధాల మీద తీసిన దెయ్యం సినిమాల్లో ఏది ఎవరు చూడాలి

కారం ఎంతుందో చూసి కూర ఎంచుకున్నట్టు, దెయ్యం సినిమాను ఎంత భయపెడుతుందన్న లెక్కన ఎంచుకోవడం మనకు అలవాటు. యుద్ధం చుట్టూ అల్లిన ఆత్మల కథల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ‘పాన్స్ లాబిరింత్’లో ప్రేక్షకులు కళ్లు మూసుకునే చోట దెయ్యమే లేదు, ఒక సైనికాధికారి చేతిలో సీసా ఉంది. ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’లో మొదటి నిమిషం నుంచే ఆత్మ కనిపిస్తుంది. ఎవరూ ఉలిక్కిపడరు, కానీ సినిమా అయ్యాక చాలాసేపు మాట పెగలదు.

అందుకే వేరే ప్రశ్నతో మొదలుపెట్టండి: ఆత్మ ఎవరి దగ్గరికి వచ్చింది? అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి వస్తే అది బెంగ సినిమా. చంపినవాళ్ల గడప తొక్కితే బాకీ వసూలు సినిమా. పక్కవాడు పోయి తాను మిగిలినవాడి దగ్గరికి వస్తే, చూడ్డానికి అన్నిటికన్నా బరువైన రకం అదే. అక్కడ తిట్టిపోయడానికి విలన్ దొరకడు. మీకు ఇప్పుడు ఏది కావాలో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మనకిది కొత్త ఊహ కాదు. తిక్కన తెలుగు చేసిన ఆశ్రమవాస పర్వంలో వ్యాసుడు కురుక్షేత్రంలో పడిపోయినవాళ్లందరినీ ఒక్క రాత్రికి గంగలోంచి పైకి రప్పిస్తాడు. కర్ణుడూ దుర్యోధనుడూ అభిమన్యుడూ పగలు మరిచి అయినవాళ్లతో గడిపి, తెల్లారేసరికి వెళ్లిపోతారు. పల్నాడులో కార్తీక మాసం వస్తే కారంపూడికి వీరుల ఆయుధాలను తెచ్చి కొలవడం ఇప్పటికీ ఉంది. యుద్ధంలో పోయినవాళ్లు మాట వినిపించుకోవడానికి తిరిగొస్తారన్న సంగతి తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ నేర్పక్కర్లేదు. మార్చుకోవాల్సింది ఒక్క అలవాటు. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్, ఆపైన విలన్ చావు, ఆత్మకు శాంతి అనే మన హారర్ సినిమాల వరస ఇక్కడ పూర్తిగా దొరకదు. చాలాసార్లు విలన్ చచ్చినా ఆత్మ అక్కడే ఉంటుంది.

స్పెయిన్ జంట: రెండిట్లో ఏది ముందు

మెక్సికో దర్శకుడు గిల్లెర్మో దెల్ తోరో స్పెయిన్ అంతర్యుద్ధం (1936–39) చుట్టూ రెండు సినిమాలు తీశాడు. 2001లో ‘ది డెవిల్స్ బ్యాక్‌బోన్’, 2006లో ‘పాన్స్ లాబిరింత్’. రెండోదానికి మూడు ఆస్కార్లు వచ్చాయి కాబట్టి అందరూ అక్కణ్నుంచే మొదలుపెడతారు. మొదటిదే ముందు చూడమని గట్టిగా చెప్పొచ్చు. రెండోది కళ్లకు పండుగ, మొదటిది కథగా గట్టిది.

‘డెవిల్స్ బ్యాక్‌బోన్’ 1939లో, యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో, ఎండకు మాడిన మైదానం మధ్య ఒక అనాథాశ్రమంలో జరుగుతుంది. తిరుగుబాటు చేసిన జనరల్ ఫ్రాంకో సైన్యం చేతిలో ఓడిపోతున్న రిపబ్లిక్ ప్రభుత్వ పక్షంవాళ్ల పిల్లలు అక్కడ ఉంటారు. వాకిలి నడిమధ్యలో విమానం నుంచి పడి పేలకుండా నేలలో దిగబడిపోయిన పెద్ద బాంబు నిలువుగా నిలబడి ఉంటుంది. దాన్ని నిర్వీర్యం చేశామని పెద్దవాళ్లు చెబుతారు. పిల్లలు మాత్రం దానికి చెవి ఆనించి లోపల గుండె కొట్టుకుంటోందని వింటుంటారు. ఆ బాంబు పడిన రాత్రే శాంతి అనే పిల్లాడు కనిపించకుండా పోయాడు. (స్పానిష్‌లో శాంతి అన్నది శాంతియాగోకి ముద్దుపేరు. తెలుగు చెవికి ఆ పేరు వేరేగా మోగుతుంది, అనుకోకుండా కుదిరింది.)

శాంతి దెయ్యాన్ని ఒకసారి దగ్గరగా గమనించండి. ముఖం పగిలిన పింగాణీ బొమ్మలా బీటలు వారి ఉంటుంది. నుదుటి గాయంలోంచి కారే నెత్తురు కిందికి జారదు, నీళ్లలో కలిసిన సిరాలా మెల్లగా పైకి తేలుతుంది. ఆ పిల్లాడు ఎక్కడ, ఎలా పోయాడో ఆ ఒక్క వివరమే చెప్పేస్తుంది, పాత్రలకు తెలియకముందే. దెల్ తోరో పనితనం అది. ఇక్కడ దెయ్యం పిల్లల్ని చంపడానికి రాలేదు, మీలో చాలామంది చచ్చిపోతారని హెచ్చరిస్తుంది. చంపేవాడు అదే ఆశ్రమంలో పెరిగి, అక్కడే పనివాడిగా ఉంటూ, దాచిపెట్టిన బంగారం మీద కన్నేసిన మనిషి. అంతర్యుద్ధాన్ని ఒకే కప్పు కింద కుదించి చూపిన తీరు ఇది: శత్రువు సరిహద్దు దాటి రాలేదు, ఆ కంచంలోనే తిని పెరిగాడు.

‘పాన్స్ లాబిరింత్’ ఐదేళ్ల తర్వాత, 1944లో మొదలవుతుంది. ఫ్రాంకో గెలిచాడు, కొండల్లో గెరిల్లాలు మిగిలారు. ఒఫీలియా అనే అమ్మాయి గర్భిణి అయిన తల్లితో సవతి తండ్రి కెప్టెన్ విడాల్ ఉన్న మిల్లుకు వస్తుంది. పాత చిక్కుదారుల (లాబిరింత్) గోడల మధ్య మేకకాళ్ల జీవి ఒకటి ఆమెకు మూడు పనులు పెడుతుంది. ఇక్కడ ఒక జోడీని మనసులో పెట్టుకుని చూడండి. విడాల్ విందు బల్లకు చివర, మంటగూడు ముందు కూర్చుని ఇంటికి ఒకే రేషన్ కార్డు అని ఊరివాళ్ల తిండిని లెక్కగడతాడు. తర్వాత ఒఫీలియా దిగే నేలమాళిగలో అరచేతుల్లో కళ్లున్న తెల్లటి జీవి కూడా అచ్చం అలాగే, మంటగూడు ముందు, ఎవరూ ముట్టని విందు బల్ల చివర కూర్చుని ఉంటుంది. పక్కనే చిన్న చిన్న చెప్పుల కుప్ప. రెండు బల్లలూ ఒకటేనని గుర్తుపడితే సినిమా తాళం తెరుచుకుంటుంది. గుర్తుపట్టకపోతే ఇది పిల్లల కథలో అనవసరంగా రక్తం కలిపినట్టు కనిపిస్తుంది.

జరిగే పొరపాటు కూడా దీనితోనే. పోస్టర్‌లో అమ్మాయి, చెట్టు, వింత జీవి కనిపించగానే పిల్లల సినిమా అనుకుని కుటుంబమంతా కూర్చుంటారు. కొద్దిసేపటికే విడాల్ ఒక రైతు కొడుకు ముఖం మీద సీసాతో కొట్టే సీను వస్తుంది, కెమెరా పక్కకు తిప్పదు. చివర్లో అతను తన చెంపను తానే సూదితో కుట్టుకుంటాడు. పదహారేళ్ల లోపు పిల్లలతో వద్దు. ‘డెవిల్స్ బ్యాక్‌బోన్’లోనూ హింస ఉంది గానీ పధ్నాలుగేళ్ల పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూడగలిగేంత.

ఈ రెండూ ఎందుకు ముఖ్యమంటే, స్పెయిన్‌లో 1977 నాటి క్షమాభిక్ష చట్టం పాత లెక్కలన్నీ మూసేసింది. సామూహిక గోతుల్లో ఉన్నవాళ్ల గురించి ప్రభుత్వం చట్టం రూపంలో మాట్లాడ్డానికి 2007 దాకా పట్టింది. కోర్టు వినని సాక్ష్యాన్ని సినిమాలో దెయ్యం చెప్పుకుంది. ఈ మాట దిగువన గ్వాటెమాలా దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

టెహ్రాన్ అపార్ట్‌మెంట్

ఇంట్లో ఆడవాళ్లు కలిసి చూడ్డానికి ఒక్కటి ఎంచమంటే ‘అండర్ ది షాడో’ (2016). దర్శకుడు బాబక్ అన్వరీ టెహ్రాన్‌లో, యుద్ధం నడుస్తున్న కాలంలో పుట్టినవాడు. భాష పర్షియన్, చిత్రీకరణ జోర్డాన్‌లో. నిడివి 84 నిమిషాలు, ఈ వరసలో అన్నిటికన్నా పొట్టిది ఇదే.

1988, ఇరాన్-ఇరాక్ యుద్ధం ఆఖరి ఏడాది. టెహ్రాన్ మీద క్షిపణులు పడుతున్నాయి. షిదే ఒకప్పుడు రాజకీయాల్లో తిరిగిందని ఆమెను మెడిసిన్‌లోకి తిరిగి రానివ్వరు. డాక్టరైన భర్తను యుద్ధానికి పిలుస్తారు. కూతురు దోర్సాతో ఒంటరిగా మిగిలిన ఆ ఇంటిపై అంతస్తులో పేలని క్షిపణి వచ్చి పడుతుంది, పైకప్పు బీటలు వారుతుంది. ఆ బీటలోంచి జిన్నులు దిగాయంటారు ఇరుగుపొరుగు. జిన్ను మనకు ప్రియమైన వస్తువు ఒకటి పట్టుకుపోతే ఇక మన వెంట పడుతుందని నమ్మకం. దోర్సా బొమ్మ కనిపించకుండా పోతుంది.

భయం పుట్టించే సామాను అంతా ఇంట్లో ఉన్నదే: అద్దాలు పగిలి మీద పడకుండా కిటికీలకు అడ్డంగా అంటించిన టేపు, సైరన్ మోగితే నేలమాళిగకు పరుగు, ప్రభుత్వం వద్దన్న వీసీఆర్‌ను దాచుకున్న అల్మరా. ఒక రాత్రి జిన్నుకు జడిసి షిదే బిడ్డను ఎత్తుకుని తలమీద గుడ్డ లేకుండానే వీధిలోకి పరుగెడుతుంది. కాపాడాల్సిన పోలీసులు అరెస్టు చేస్తారు, తల నుంచి కాళ్ల దాకా కప్పే నల్లటి చాదర్ వేసి ఇంటికి పంపుతారు. ఆ తర్వాత జిన్ను ఏ రూపంలో కనిపిస్తుందో చూడండి. లోపల దెయ్యం, పైన క్షిపణి, బయట చట్టం. మూడు వైపులా మూసుకుపోయిన మనిషి కథ ఇది. ఇంట్లో ఏదో ఉందని కూతురు చెబితే చదువుకున్న తల్లి కొట్టిపారేసే తీరు మన ఇళ్లలో కనిపించేదే.

లోపం లేకపోలేదు. మొదటి అరగంట నెమ్మది. ఏమీ జరగట్లేదని ఫోను పట్టుకుంటే వెనకాల గదిలో నీడలో కదిలేది తప్పిపోతుంది. ఆ అరగంటలో తల్లీకూతుళ్ల మధ్య గొడవలు సరిగ్గా చూసినవాళ్లకే చివరి పావుగంట పని చేస్తుంది.

బాకీ వసూలు: గ్వాటెమాలా

ఇక్కడ ముందుగా జాగ్రత్త చెప్పాలి. ‘లా యొరోనా’ అని వెతికితే 2019లోనే వచ్చిన హాలీవుడ్ దెయ్యం సినిమా ఒకటి ముందు పడుతుంది. దాని పేరులో ‘కర్స్’ అన్న మాట ఉంటుంది. అది వేరు, దానికీ యుద్ధానికీ సంబంధం లేదు. మీకు కావాల్సింది హైరో బుస్తమంతే దర్శకత్వంలో వచ్చిన గ్వాటెమాలా సినిమా. స్పెల్లింగులో మొదట రెండు ఎల్‌లు ఉంటాయి. దర్శకుడి పేరు కలిపి వెతకండి. చాలామంది తప్పు సినిమా చూసి, ఇందులో చరిత్ర ఏముందని పెదవి విరుస్తారు.

గ్వాటెమాలా అంతర్యుద్ధం 1960 నుంచి 1996 దాకా సాగింది. చనిపోయినవాళ్లూ మాయమైనవాళ్లూ కలిపి 2 లక్షల పైనేనని సత్యశోధన కమిషన్ తేల్చింది. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా తెగలవాళ్లు. 2013 మేలో మాజీ సైనిక పాలకుడు రియోస్ మాంట్‌కు జాతి నిర్మూలన నేరం కింద శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 2018లో ఆయన చనిపోయాడు. సినిమాలో ముసలి జనరల్ కథ సరిగ్గా అలాంటి విచారణ, కొట్టివేతల దగ్గర మొదలవుతుంది.

లాటిన్ అమెరికాలో ప్రతి పిల్లాడికీ తెలిసిన జానపద కథలో యొరోనా అంటే తన పిల్లల్ని తానే నీళ్లలో ముంచి చంపి, ఏడుస్తూ తిరిగే ఆడదెయ్యం. బుస్తమంతే దాన్ని తిరగేశాడు: పిల్లల్ని ముంచింది తల్లి కాదు. కథలో నింద ఎప్పుడూ ఆడదాని మీదే ఎందుకు పడిందన్న ప్రశ్న అడగకుండానే అడిగాడు.

కోర్టు సీను నెమ్మదిగా చూడండి. మాయా తెగల్లో ఒకటైన ఇషీల్ తెగ స్త్రీ ఒకరు ముఖం మీద కుట్టుపని చేసిన మేలిముసుగు కప్పుకుని తన భాషలో సాక్ష్యం చెబుతుంటుంది. కెమెరా ముఖం దగ్గర మొదలై తొందర లేకుండా వెనక్కి జరుగుతూ పోతుంది, ఒక్కొక్కరే ఫ్రేములోకి వస్తారు. అక్కడ దెయ్యం లేదు, కానీ మిగతా సినిమాలో దెయ్యం ఏ గొంతుతో ఏడుస్తోందో అక్కడే తెలిసిపోతుంది. తీర్పు కొట్టేశాక జనరల్ ఇంట్లో పనివాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతారు. పల్లె నుంచి ఆల్మా అనే కొత్త పనిమనిషి వస్తుంది. ఇంటి బయట మాయమైనవాళ్ల ఫొటోలు పట్టుకుని జనం నినాదాలు ఇస్తుంటారు, ఆ హోరు సినిమా పొడుగునా ఆగదు. జనరల్ భార్య రాత్రిళ్లు తానే ఒక ఇషీల్ తల్లిగా, పిల్లలతో పరుగెడుతున్నట్టు కలగంటుంది. ఆ ఇంటివాళ్లలో నేరం ఎవరికి ఎంత తెలుసన్నదే అసలు సస్పెన్సు.

ఉలిక్కిపడే క్షణాలు కావాలంటే దీన్ని వదిలేయండి, ఒకట్రెండు కన్నా లేవు. బాకీ తీరాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఈ వరసలో ఇంతకన్నా మంచిది లేదు.

సైనికుడి వెంట వచ్చేవి

మూడో రకం, పక్కవాడు పోయి తాను మిగిలినవాడిది. పూర్తి సినిమాకు ముందు ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టడం మేలు: అకిరా కురొసావా ‘డ్రీమ్స్’ (1990)లోని ఎనిమిది కలల్లో నాలుగోది, ‘సొరంగం’. మిగతావి చూడకపోయినా ఇది విడిగా అర్థమవుతుంది.

యుద్ధం నుంచి ఒంటరిగా తిరిగొస్తున్న జపాన్ అధికారి సొరంగం ముందుకొస్తాడు. చీకట్లోంచి ఒక కుక్క వచ్చి గుర్రుమంటుంది, దాని నడుముకు గ్రెనేడ్లు కట్టి ఉంటాయి. సొరంగం దాటి బయటపడ్డాక వెనకాల బూట్ల చప్పుడు. నీలం రంగు ముఖంతో నొగుచి అనే సిపాయి నిలబడతాడు. తను చనిపోయానంటే నమ్మడు. కొండ మీద దీపం చూపించి అదే మా ఇల్లు, అమ్మానాన్నా ఎదురుచూస్తుంటారు అంటాడు. నా చేతుల్లోనే పోయావు అని అధికారి చెప్పాలి. అతణ్ని పంపించీ పంపించకముందే దళమంతా కవాతు చేసుకుంటూ వచ్చి సెల్యూట్ కొట్టి, ప్రాణనష్టం లేదని రిపోర్టు చేస్తుంది. తాను బందీగా దొరికి బతికిపోయానని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, చివరకు అధికారి చేయగలిగింది ఒక్కటే: వెనుదిరగమని ఆజ్ఞ ఇవ్వడం. ఏ ఆజ్ఞతో వాళ్లను చావుకు పంపాడో, అదే గొంతుతో. వాళ్లు తిరిగి వెళ్లాక కుక్క మళ్లీ వస్తుంది. ఆ సినిమాకు కురొసావా పక్కన సలహాదారుగా పనిచేసిన ఇషిరో హోండా చైనాలో సైనికుడిగా ఉండి వచ్చినవాడు, 1954 నాటి ‘గాడ్జిల్లా’ దర్శకుడు.

‘సొరంగం’ మనసుకు పట్టితే తర్వాతి అడుగు ‘ఆర్ పాయింట్’ (2004), కొరియా సినిమా. వియత్నాం యుద్ధానికి దక్షిణ కొరియా 3 లక్షలకు పైగా సైనికుల్ని పంపిందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1972లో, చనిపోయారనుకున్న దళం నుంచి రేడియోలో పిలుపులు వస్తుంటే వెతకడానికి కొందర్ని పంపుతారు. పొగమంచులో పాత ఫ్రెంచి భవనం, తమలో ఒకడు తమవాడు కాదేమోనన్న అనుమానం. చిత్రీకరణ కంబోడియాలోని బోకోర్ కొండ మీద శిథిల భవనాల్లో జరిగింది, ఆ గోడలకు పట్టిన నాచు సెట్టు కాదు. చేతికి నెత్తురంటినవాడు ఇక్కణ్నుంచి తిరిగిపోడని రాతి మీద చెక్కి ఉంటుంది. పాత్రలు ఎక్కువ, యూనిఫాంలన్నీ ఒకటే. మొదటి ఇరవై నిమిషాల్లో కనీసం నలుగురి పేర్లు గుర్తుపెట్టుకోకపోతే చివర ఎవరు ఎవరిని కాల్చారో అర్థం కాదు. చూసినవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ అదే. వియత్నాం ప్రజలు ఇందులో దెయ్యాలుగా తప్ప మనుషులుగా దాదాపు కనిపించరు, అది ఈ సినిమా బలహీనత.

అమెరికా వైపు నుంచి ‘జాకబ్స్ ల్యాడర్’. 1990 నాటిదే చూడండి. అదే పేరుతో 2019లో తీసినది వద్దు. వియత్నాం నుంచి వచ్చి న్యూయార్క్‌లో తపాలా ఉద్యోగం చేసే జాకబ్‌కు మనుషుల తలలు అదిరిపోతూ కనిపిస్తాయి. నటుడు తల ఊపుతుంటే సెకనుకు 4 ఫ్రేముల చొప్పున తీసి, మామూలు 24 ఫ్రేముల వేగంతో నడిపించిన పని అది. తర్వాత ఎన్నో హారర్ సినిమాలు దాన్ని ఎత్తుకెళ్లాయి. చివరి మలుపు ఎవరైనా చెబితే సినిమా సగం పోతుంది, కాబట్టి కథాసారాంశం చదవకండి.

ఎదురుచూసేవాళ్లు

భయం అసలు వద్దు, పెద్దవాళ్లతో కలిసి చూడాలంటే వియత్నాం సినిమా ‘వెన్ ది టెన్త్ మంత్ కమ్స్’ (1984), నలుపు తెలుపు. భర్త సరిహద్దులో పోయాడని తెలిసిన పల్లెటూరి కోడలు, మంచాన పడ్డ మామగారికి ఆ మాట చెప్పలేక, ఊరి పంతులుగారి చేత కొడుకు రాసినట్టు ఉత్తరాలు రాయిస్తుంది. ఏడో చాంద్రమాసం పున్నమికి, బతికినవాళ్లూ పోయినవాళ్లూ కలుసుకునే సంతలో భర్త ఆమెకు కనిపిస్తాడు. మహాలయ పక్షాల్లో, పెత్తరమాసకు పెద్దలకు పెట్టుకునేవాళ్లకు ఆ సంత వివరించాల్సిన పని లేదు. ఊళ్లో నాటకం ఆడుతూ, యుద్ధానికి పోయే భర్తను సాగనంపే పద్యం మధ్యలో ఆమె గొంతు పూడుకుపోయే సీను దగ్గర మామూలుగా ఏడవనివాళ్లు కూడా తడబడతారు.

దీనికి జోడీ జపాన్ పాత చిత్రం ‘ఉగెత్సు’ (1953, మిజొగుచి). 16వ శతాబ్దపు యుద్ధాల్లో డబ్బు సంపాదిద్దామని ఊరు వదిలిన కుమ్మరి చివరికి ఇంటికొస్తాడు. ఖాళీ ఇల్లు. భార్యను పిలుస్తూ వెనకవైపు చుట్టి వస్తాడు, కెమెరా అతనితోపాటే లోపల తిరుగుతుంది, షాటు తెగదు. తిరిగి అదే చోటికొచ్చేసరికి పొయ్యి వెలుగుతుంటుంది, పక్కన ఆమె కూర్చుని ఉంటుంది. ఏ గ్రాఫిక్సూ లేదు.

‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ (1988) గురించి ఒక్క ముక్క. కార్టూన్ కదా అని చిన్నపిల్లలకు పెట్టొద్దు. కోబె నగరం మీద బాంబుల తర్వాత అన్నాచెల్లెళ్లు ఆకలితో ఏమవుతారో అన్నది కథ. అన్న చనిపోయిన రాత్రితోనే మొదలవుతుంది, ఎర్రటి వెలుగులో అతని ఆత్మ తన కథను తానే చూస్తుంటుంది. నాలుగేళ్ల పిల్ల ఇంట్లో ఉన్న తల్లిదండ్రులు ఇంకో ఐదారేళ్లు ఆగి చూస్తేనే మేలు.

శరణార్థి కోణం కావాలంటే ‘హిజ్ హౌస్’ (2020), నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దక్షిణ సూడాన్ నుంచి ఇంగ్లండ్ చేరిన భార్యాభర్తలకు ప్రభుత్వం ఇచ్చిన ఇంటి గోడల వెనక, వచ్చే దారిలో చనిపోయినవాళ్లు ఉంటారు. ఆ ఇల్లు వదిలితే దేశం నుంచి పంపించేస్తారు కాబట్టి, దెయ్యం ఉన్న ఇంట్లోంచి ఎందుకు పారిపోరన్న పాత ప్రశ్నకు ఇక్కడ గట్టి జవాబు ఉంది. ఇక నాజీ జాంబీల సినిమాలంటారా, సరదాకు చూసుకోవచ్చు. వాటిలో యుద్ధం యూనిఫాంల వరకే.

ప్లే నొక్కేముందు

ఈ సినిమాలు పాడయ్యేది ఎక్కువగా టీవీ సెట్టింగుల వల్లే. కదలికల్ని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, ‘జాకబ్స్ ల్యాడర్’లో ఆ తల అదురు దానివల్ల జావలా సాగిపోతుంది. వివిడ్ మోడ్ తీసి సినిమా మోడ్ పెట్టండి, లేకపోతే ‘అండర్ ది షాడో’ చీకటి గదులు బూడిద రంగుకు తిరుగుతాయి. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ ఉంటే తీసేయండి. చిన్న శబ్దాలనూ పెద్ద శబ్దాలనూ అది ఒకే మట్టానికి తెస్తుంది, అప్పుడు ‘లా యొరోనా’లో బయటి హోరుకూ లోపలి ఏడుపుకూ తేడా పోతుంది. పగటిపూట ఫోన్లో చూస్తే దాదాపు ఏదీ పనిచేయదు.

ఇంగ్లిషు డబ్బింగు ఉన్నా మూలభాషే పెట్టి సబ్‌టైటిల్స్‌తో చూడండి. ‘లా యొరోనా’లో జనరల్ కుటుంబం స్పానిష్, పనివాళ్లు తమలో తాము మాయా భాష మాట్లాడుకుంటారు. డబ్బింగులో ఆ గీత చెరిగిపోతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ అరుదు. ఇంగ్లిషు చదవడం నెమ్మదైన పెద్దవాళ్లకు మాటలు తక్కువున్న ‘సొరంగం’, ‘ఉగెత్సు’ తేలిక. రెండు వాక్యాల్లో కథ ముందే చెప్పేసినా వాటికి నష్టం లేదు.

సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లో, గొడవల్లో ఇంటివాళ్లను పోగొట్టుకున్నవాళ్లో పక్కన ఉంటే మూడో రకంతో మొదలుపెట్టకండి. ముందే అడగండి, మధ్యలో ఆపే వీలుంచండి. అలాంటివాళ్లకు వియత్నాం సినిమా కాస్త తేలిక, అందులో దుఃఖాన్ని పంచుకునేవాళ్లు ఉన్నారు.

వారానికొకటి చొప్పున చూసేవాళ్లకు కుదిరే వరస ఇది: ‘డెవిల్స్ బ్యాక్‌బోన్’, తర్వాత ‘అండర్ ది షాడో’, మూడో వారం ‘లా యొరోనా’. ‘పాన్స్ లాబిరింత్’ను మొదటిదాని వెంటనే పెట్టకండి, ఒఫీలియా కథ శాంతి కథను మరుగున పడేస్తుంది. నాలుగో వారం ‘సొరంగం’ చూసి, అదే రాత్రి ‘ఆర్ పాయింట్’ పెట్టొచ్చు. రెండూ కలిపి రెండు గంటలు దాటినా పెద్దగా దాటదు. ‘ఫైర్‌ఫ్లైస్’ మాత్రం ఏ జోడీలోనూ ఇమడదు. దాన్ని మర్నాడు సెలవున్న రాత్రికి ఉంచుకోండి.